మైదుకూరులో ఆగిన నోటుబుక్కు

మే నెల ఎండల్లో అమలాపురం నుంచి కర్నూలు, కడప వైపు వెళుతున్నానంటే మా స్టాఫ్ రూములో ఎవరూ నమ్మలేదు. "మొక్కుందా?" అన్నారు. లేదన్నాను. "పెళ్లా?" కాదన్నాను. ఒక నోటుబుక్కు కోసమని చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. వెళ్లి వచ్చేశాను కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

మేము నలుగురం. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. కర్నూలులో గడియారాలు బాగుచేసే ఖాజా, మైదుకూరులో పసుపు వ్యాపారి భార్య సుబ్బరత్నమ్మ, శ్రీకాకుళంలో రైల్వే గుమాస్తా మూర్తిగారు మిగతా ముగ్గురు. మంత్రాల కోటలు, మాట్లాడే పక్షులు, నక్షత్రాల మధ్య తిరిగే ఓడలు, వేరే గ్రహాల మీద మనుషులు, ఇలాంటి పుస్తకాలంటే నలుగురికీ ప్రాణం. ఒక వారపత్రిక ఉత్తరాల పేజీలో పరిచయమయ్యాం. ఏడేళ్లయినా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మా మధ్య తిరిగేది రెండు వందల పేజీల లాంగు నోటుబుక్కు ఒకటి. ఒకరు రాసి రిజిస్టరు పోస్టులో తరవాతివాళ్లకు పంపుతారు. నియమం ఒక్కటే, ఇప్పుడు చేతిలో ఉన్న పుస్తకం గురించి రాయాలి. సగం చదివినవాళ్ల ఆత్రం పూర్తిచేసినవాళ్లకు ఉండదని మూర్తిగారి సిద్ధాంతం.

కిందటేడు సుబ్బరత్నమ్మగారు ఎవరి చేతో ఒక కార్డు రాయించారు. షుగరు వల్ల చూపు పోతోందట, ఇక తనకు నోటుబుక్కు పంపాలో వద్దో మా ఇష్టమట. పంపాల్సిందేనని అందరం ఉత్తరాలు రాశాం. ఖాజా పంపాడు. ఆ తరవాత ఏడు నెలలు గడిచినా మైదుకూరు నుంచి ఒక్క ముక్క లేదు. నేను రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు రాలేదు. నాలుగో ఉత్తరంలో "నేనే వస్తున్నాను" అని రాసి బయలుదేరాను. ఇది 2003.

కర్నూలు

మా కోనసీమవాళ్లకు నది అంటే నీళ్లు. కర్నూలు వంతెన మీద రిక్షాతనను "తుంగభద్ర ఎక్కడ?" అని అడిగితే, అతను వింతగా చూసి కిందికి చెయ్యి చూపించాడు. బండరాళ్ల మధ్య ఇసుక, ఇసుకలో గేదెలు, ఒక మూల మోకాలి లోతు నీళ్లలో చాకళ్లు. "వానలొస్తే సూడల్ల మేడం," అన్నాడు, తన నది పరువు కాపాడుతున్నట్టు.

పొద్దున టిఫిను బస్టాండు బయట తోపుడు బండి దగ్గర తిన్నాను. బొరుగుల్ని నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయలు, పసుపుతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. దాన్నే ఉగ్గాని అంటారు. పక్కన మిరపకాయ బజ్జీలు రెండు. అంతా కలిపి ఎనిమిది రూపాయలు. మా ఊళ్లో మరమరాలు పిల్లల చిరుతిండి, ఇక్కడ పెద్దవాళ్ల కడుపు నింపుతాయి. బజ్జీ కొరికి కళ్ల నీళ్లు పెట్టుకున్నాను. ఆ కంగారులో పర్సు దొరకలేదు. బండి ఆవిడది ఆలూరు దిక్కట. "దుడ్లు యాడికి పోతాయమ్మా, ముందు నీళ్లు తాగు," అని చెంబు అందించింది.

ఖాజా కొట్టు పాతబస్తీ సందులో ఉంది. ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాలి. కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నాడు, ముప్పై అయిదేళ్లుంటాయి. నా పేరు చెప్పగానే అద్దం తియ్యడం మరిచిపోయి లేచాడు.

"అక్కా! మీరు ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదు. మీ రాత శానా పొడుగు!"

చాయ్ తెప్పించాడు. కుశల ప్రశ్నల కంటే ముందు "ఇప్పుడేం చదువుతాండారు?" అని అడిగాడు. సంచిలోంచి తీసి చూపించాను. అట్ట మీద రెక్కలున్న బల్లి లాంటి జంతువు ఉంది, కొండంత ఒళ్లు, నోట్లోంచి మంట. అతను తన తండ్రి పెట్టెలోని ఉర్దూ పుస్తకం తీశాడు. మాంత్రికుడొకడు కోట కట్టాడట. ఎవరైనా దాని పేరు పలికితే కోట మాయమవుతుంది. అందుకని ఊళ్లో జనం దాని గురించి మాట్లాడాలంటే సైగలు చేసుకోవాలి. "నాన్న సగందాకా చదివి గుర్తు పెట్టినాడక్కా, ఆ పేజీలో తమలపాకు ఎండిపోయి ఉండాది. నేను ఇప్పుడు ఆ తమలపాకు దాటినా," అన్నాడు.

నోటుబుక్కు సంగతి అడిగాను. డ్రాయరులోంచి పోస్టు కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. నోటుబుక్కు అందినట్టు వచ్చిన రసీదు అది. కింద గుండ్రటి అక్షరాలతో సంతకం, వెంకటసుబ్బయ్య.

"ఆమె భర్త. అంటే చేరిందక్కా. దాంతోపాటే ఓడ పుస్తకం కూడా బస్సు పార్సిల్లో పంపిచ్చినా."

ఓడ పుస్తకం నాదే. అట్ట చిరిగిపోయి పేరు తెలియని పుస్తకం, ఫుట్‌పాత్ మీద కొన్నాను. కొత్త లోకం వెతుక్కుంటూ ఆకాశంలో పోయే ఓడ కథ. దారంతా ఒక ముసలామెకు మాత్రమే తెలుసు. సగం దారిలో ఆమె చూపు పోతుంది. మిగతావాళ్లు సభ పెట్టుకుని, తిండి మూటకట్టి ఇచ్చి, ఆమెను ఒక చిన్న చంద్రుడి మీద దించేసి వెళ్లిపోతారు. తరవాత పుస్తకంలో ఆమె మళ్లీ కనిపించదు.

"మీరు నోటుబుక్కులో దాని గురించే రాశారా?"

"ఎనిమిది పేజీలు తిట్టినా."

నా ధ్యాసంతా ఆ గుండ్రటి సంతకం మీదే ఉంది. భార్యకు పుస్తకాలెందుకని దాచిపెట్టిన మొగుడొకడు కళ్ల ముందు కనిపించాడు. బస్సెక్కేముందే అతన్ని ఏమేం అడగాలో వరసగా అనుకున్నాను.

బస్సులో ఉడుము

నంద్యాల దాటాక పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్లో రెండు కోళ్లు, కాళ్లకు తాడు. నా పుస్తకం అట్ట వైపు చాలాసేపు చూసింది.

"అదేందమ్మా, ఉడుమా?"

"కాదండి. ఎగిరే జంతువు. నిప్పులు కక్కుతుంది."

"యాడుండాది?"

"ఎక్కడా లేదు. కథ."

ఆవిడ కోళ్లను సర్దుకుంది. "నిప్పులు కక్కితే ఊర్లో వాములు కాలిపోవా?"

కాలిపోతాయని చెప్పాను. అందుకే ఊరివాళ్లంతా కలిసి దానికి ఏటా మేకల్ని తోలతారని కూడా చెప్పాను. ఎన్ని మేకలు అంది. నలభై అన్నాను. "నలభైయా! కరువు సమ్మచ్చరం వస్తే యేం చేస్తారు?" అంది. పుస్తకం రాసినవాడికి తట్టని ప్రశ్న అది. ఆళ్లగడ్డలో దిగిపోతూ కిటికీ దగ్గరికి వచ్చి, "కరువొచ్చినప్పుడు అది యేరే ఊరికి పోతాది సూడు," అని తనే తేల్చి వెళ్లింది.

మైదుకూరు

బస్సు దిగగానే నా చెప్పు తెగింది. తారు రోడ్డు అరికాలిని కాల్చేసింది. ఒంటికాలి మీద గెంతుతూ ఒక కొట్టు నీడలోకి చేరి వెంకటసుబ్బయ్యగారి ఇల్లు ఎక్కడని అడిగాను. "పసుపు వాసన పట్టుకొని పోండి," అన్నారు. నిజంగానే దొరికింది. ముందు కొట్టు, వెనక ఇల్లు. గోనె సంచులు, త్రాసు, వాటి మధ్య అరవై దాటిన సన్నటి మనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఎవరని అడగలేదు.

"రాండి టీచరమ్మా," అన్నారు. నాలుగో ఉత్తరం కూడా చేరిందన్నమాట.

లోపల పడసాలలో సుబ్బరత్నమ్మగారు వక్కలు కత్తిరిస్తూ కూర్చుని ఉన్నారు, చేత్తో తడుముకుంటూనే. నా పేరు వినగానే అడకత్తెర పక్కన పెట్టి, నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీరంతా నన్ను వదిలేసినారనుకొంటి," అన్నారు. "ఓడ పుస్తకం ఒకటి పంపి సరిపెట్టుకొనిరి, నోటుబుక్కు రాలే. ఉత్తరం రాలే. కండ్లు పోయినదానికి ఇంగెందుకులే అనుకొన్నారేమో అనుకొంటి. తప్పు పట్టలేదు. శానా దినాలు ఏడ్సినా, అంతే."

నేను తలుపు వైపు చూశాను. వెంకటసుబ్బయ్యగారు గడప మీద ఉన్నారు. నాతో కళ్లు కలపకుండా, "ఎవరో బేరానికి వచ్చినట్టుండారు," అని కొట్టులోకి వెళ్లిపోయారు. కొట్టులో ఎవరూ లేరు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వచ్చిన పది నిమిషాలకే ఒకరి ఇంట్లో నిప్పు పెట్టడానికి ధైర్యం చాలలేదు.

భోజనానికి రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టారు. వేరుశనక్కాయల్ని అలాగే అంటారు. నేను సంగటిని అన్నంలా నమిలాను. పళ్లకు అతుక్కుపోయి నోరు తెరవలేకపోయాను. నా మూలుగు విని ఆవిడ పడీపడీ నవ్వారు. "నమలకూడదమ్మా! ఉండ చేసి మింగల్ల."

రెండు గంటలకు కొట్టు మూసి వెంకటసుబ్బయ్యగారు లోపలికి వచ్చారు. "ఇది మా చదువు టైము," అన్నారు ఆవిడ నాతో, సంబరంగా. "ఓడ పుస్తకం చదివి వినిపిస్తాండారు. దసరా నుంచి ఒక్క దినం తప్పలే."

ఆయన నా వైపు ఒక్కసారి చూసి, అట్ట లేని నా పుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకున్నారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"ఓడ మూడో గ్రహం కాడికి వచ్చింది. కెప్టెను ముసలామెను అడిగినాడు. అవ్వా, ఈడ దిగుదామా? ముసలామె గాలి పీల్చి చూసింది. ఈడ గాదప్పా. మట్టి సౌడు వాసన కొడతాండాది. ఈ నేలలో పసుపు ఏస్తే కొమ్ము ఊరదు. ఇంగ రొంత దూరం పోనీ, అనింది."

ఆ ముసలామెను సగం పుస్తకంలోనే దించేశారు. మూడో గ్రహం అసలు కథలో లేనే లేదు. నేను కూర్చున్న చోటు నుంచి ఆయన తెరిచి పట్టుకున్న పేజీ కనిపిస్తోంది. ఓడ బయలుదేరే బొమ్మ ఉన్న పేజీ అది, మొదటి అధ్యాయం. కాసేపయ్యాక వేలు తడి చేసుకుని పేజీ తిప్పారు, చప్పుడయ్యేలా. తరవాత మెల్లగా మళ్లీ వెనక్కి తిప్పుకున్నారు.

గంటసేపు అలా సాగింది. సుబ్బరత్నమ్మగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చూపు లేని కళ్లను ఆయన గొంతు మీదే నిలిపి విన్నారు.

సంచుల మధ్య

సాయంత్రం చెప్పు కుట్టించుకుని వస్తుంటే కొట్టులోకి పిలిచారు. కూర్చోమని ఒక సంచి దులిపారు.

"మీకు తెలిసిపాయ," అన్నారు.

"తెలిసిందండి."

"ఆ పేజీ దాకా సక్కగానే చదివినా టీచరమ్మా. ఆ పొద్దే డాక్టరు చెప్పినాడు, ఇంగ చూపు రాదని. మధ్యాన్నం కూర్చుంటిమి. పుస్తకం తెరిస్తే, కండ్లు పోయిన ముసలిదాన్ని దించేసి పోతాండారు. యెట్ల చదివేది ఆమెకు? నోరు రాలే. దింపకుండా ముందుకు పోతి. ఇంగ అప్పుటి నుంచి ఆ ముసలామెకు మాటలు నేనే చెప్పల్సొచ్చింది. పుస్తకం సంక్రాంతి లోపలే అయిపాయ. కథ నిలిపేది యెట్లనో తెలీలే."

"మరి నోటుబుక్కు?"

బీరువా తాళం తీశారు. బట్టలో చుట్టి ఉంది, నా నాలుగు ఉత్తరాలతో సహా. "ఆ ఖాజా రాసిందంతా ముసలామెను దించేసిన సంగతే. చదివితే అయిపాయ. మీ ఉత్తరాల్లోనూ నోటుబుక్కు మాటే."

కర్నూలులో వరసగా పేర్చుకున్న ప్రశ్నలు ఒక్కటీ మిగల్లేదు. కానీ "మీరంతా నన్ను వదిలేసినారనుకొంటి" అన్న ఆవిడ మాట మరిచిపోలేకపోయాను.

"ముసలామెను ఓడలోంచి దించకుండా కాపాడారు. మీ ఇంటావిడను మాత్రం మేం దించేశామని నమ్మనిచ్చారు," అన్నాను. కటువుగానే వచ్చింది.

ఆయన ఒక పసుపు కొమ్మును గోటితో గీకారు. "అదే తినేస్తాండాది నన్ను," అన్నారు.

"రేపు సాయంత్రం నేను వెళ్లిపోతాను. అప్పటిలోపు మీరే చెప్పండి. లేకపోతే నేను చెప్పి వెళతాను."

గండికోట

మర్నాడు పొద్దున నేను గండికోట చూసి వస్తానంటే, తానూ వస్తానని సుబ్బరత్నమ్మగారు పట్టుబట్టారు. "చూపున్నప్పుడు రెండుసార్లు పోయినా. యే పుస్తకంలో వేరే గ్రహం వచ్చినా నాకు ఆ లోయే కండ్లముందుకొస్తాది." వెంకటసుబ్బయ్యగారు జీపు మాట్లాడారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటాక రోడ్డు కంకరగా మారింది. కోటలో మేకలు, ముళ్లచెట్లు, మసీదు, గోపురం, మేం ముగ్గురం. టికెట్టు అడిగేవాళ్లు కూడా లేరు.

లోయ అంచుకు నాలుగడుగుల ఇవతలే ఆవిడను ఒక బండ మీద కూర్చోబెట్టాం. కింద పెన్న, పచ్చటి దారంలా. రెండు వైపులా పలకలు పేర్చినట్టు రాళ్లు. గోదావరి లంకల్లో పెరిగినదాన్ని, భూమి ఇంత లోతుగా తెరుచుకుని ఉంటుందని నేను ఊహించలేదు.

"యెట్లుండాదో చెప్పండి," అన్నారు ఆవిడ భర్తతో.

"రాళ్లు ఎర్రగా ఉండాయి."

"యే ఎరుపు?"

ఆయన తడుముకున్నారు. "పొయ్యి మీద కాగిన పెంకు మాదిరి. నీడ పడిన కాడ వక్కాకు నమిలిన నోరు మాదిరి."

ఆవిడ తల ఊపారు. తరవాత నా వైపు తిరిగి, మామూలుగా అడిగారు. "టీచరమ్మా, ఆ ముసలామెను ఓడలో నుంచి యాడ దించేసినారు?"

నేను ఆయన వైపు చూశాను.

"చిన్నదో పెద్దదో, యేదో ఒక కాడ దించేసే ఉంటారు," అన్నారు ఆవిడ. "ఆకాశంలో పోయే ఓడలో పసుపు కొమ్ముల మాట యెవురు మాట్లాడతారు? ఈ చేతుల్లోకి తీసుకొని చూసినా, రెండు నూర్ల పేజీలు కూడా లేదు పుస్తకం. ఏడు నెలలు చదివితే అయిపోదా?"

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారండి?"

"అడిగితే సిగ్గుపడి నిలిపేస్తాడు. ఇంత బాగ కథ చెప్తాడని నలభై ఏండ్లు కాపురం చేసినా తెలీలేదు నాకు." ఆవిడ నవ్వుతున్నారు.

అప్పుడు ఆయన జీపు దాకా వెళ్లి వచ్చారు. బట్టలో చుట్టిన నోటుబుక్కు ఆవిడ ఒళ్లో పెట్టారు. "వచ్చింది రత్నమ్మా. ఓడ పుస్తకం వచ్చినప్పుడే వచ్చింది. ఉత్తరాలూ వచ్చినాయి. నేను దాచిపెట్టినా. అందులో ఆ ముసలామె సంగతి రాసినారు, అందుకని."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. వేళ్లతో బట్ట విప్పి, అంచులు తడిమి, లోపలి కాగితాలు వాసన చూశారు. "ఏడు నెలలు," అన్నారు. ఆయన "తప్పయింది" అన్నారు. ఇంకోసారి అన్నారు. ఆవిడ ఆయన వైపు మొహం కూడా తిప్పలేదు. కథ విషయంలో క్షమించిన మనిషి ఇక్కడ క్షమించలేదు. నాకది న్యాయమే అనిపించింది.

"మీరు చదవండి టీచరమ్మా. ఖాజా యేం రాసినాడో."

కోటలోని పాత ధాన్యాగారం నీడలో కూర్చుని ఎనిమిది పేజీలూ చదివాను. ఆయన దూరంగా నిలబడి విన్నారు. చివరి పేజీలో ఖాజా ఇలా రాశాడు. "దారి తెలిసిన మనిషిని దించేసి దారి యెట్ల కనుక్కుంటారు? మా కొట్టుకు వచ్చే గడియారాలకున్న బుద్ధి కూడా ఈ ఓడలో జనానికి లేదు. పుస్తకం మూసి మూడు దినాలు మాట్లాడలేదు నేను, ఇంట్లో మా బీబీ నాకు జ్వరమనుకొనింది."

సుబ్బరత్నమ్మగారు మెల్లగా నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "ఇదేనా? దీనికా ఇంత భయపడింది?" అన్నారు, గాలితో అన్నట్టు. నోటుబుక్కును మళ్లీ బట్టలో చుట్టి, "పది దినాలు నా కాడ పెట్టుకొని, రాయించి శ్రీకాకుళం పంపిస్తా," అన్నారు. ఎవరి చేత రాయిస్తారని నేను అడగలేదు.

తిరుగు దారి

జీపులో ముందు సీట్లో ఆయన, వెనక మేమిద్దరం. కోట నుంచి జమ్మలమడుగు దాకా ఆవిడ నాతోనే మాట్లాడారు. మా ఊళ్లో కొబ్బరికాయ ఎంత, పడవ మీద బడికి పోతే పుస్తకాలు తడవవా, శ్రీకాకుళం మూర్తిగారి గొంతు ఎట్లా ఉంటుందనుకుంటున్నాను, అన్నీ అడిగారు. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి నీళ్లు కావాలా అన్నారు. ఆవిడ నన్ను ఇంకో ప్రశ్న అడిగారు.

జమ్మలమడుగులో జీపు ఆపి ఆయనే దిగి మూడు గ్లాసుల టీ పట్టుకొచ్చారు. ఆవిడ గ్లాసును నా చేతి మీదుగా అందుకున్నారు. టీ తాగడం అయిపోయింది. జీపు కదిలింది. ఊరు దాటి చెనిక్కాయ చేలు మొదలయ్యాయి, అన్నీ దున్ని వదిలేసిన బీళ్లు, ఎర్రటి దుమ్ము. ఆయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు, మెడ వంచుకుని.

రెండు మైళ్లు పోయాక ఆవిడ ముందు సీటు వీపు మీద చెయ్యి వేశారు.

"మూడో గ్రహం మట్టి బాగలేదనింది కదా ముసలామె," అన్నారు. "తరవాత ఓడ యే దిక్కు పోయింది?"

ఆయన గొంతు సవరించుకున్నారు. ఆ పూట ఆయన చేతిలో పుస్తకం లేదు.

"కుడి పక్కకు తిప్పమనింది," అని మొదలుపెట్టారు. ప్రొద్దుటూరు వచ్చేదాకా ఆపలేదు.